సాక్షి సంతకం

పొద్దున్నే కింది గదిలో పెద్దకూతురు పాత రిజిస్టర్లకు జిగురు పూస్తోంది. ఆ బైండింగ్ షాపు తల్లిది. తల్లికి చూపు మందగించిన దగ్గర్నుంచి, అంటే పద్దెనిమిదేళ్లుగా, నడుపుతున్నది మాత్రం పెద్దకూతురే.

తలుపు తోసుకుని చెల్లెలు వచ్చింది. ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది, ఇంకా ఆ దుస్తుల్లోనే ఉంది.

"పదకొండింటికి లాయరు రమ్మన్నాడు. అమ్మను తయారవమను," అంది కూర్చోకుండానే.

"లాయరెందుకు?"

"వీలునామా తిరగరాయించడానికి."

పెద్దామె కుంచె పక్కన పెట్టింది. పోయిన నెల తల్లి పెద్ద పెద్ద అక్షరాలతో తానే వీలునామా రాసుకుంది. షాపు, పైనున్న ఇల్లు పెద్దదానికి. 'చిన్నదాన్ని చదివించాను, దాని వాటా అదే' అని ఒక్క వాక్యం. అది చదివిన రోజు చెల్లెలు కాగితాన్ని ఫోనులో ఫోటో తీసుకుని మారుమాట లేకుండా వెళ్లిపోయింది. ఆ మౌనం వెనక ఉన్నది ఇదన్నమాట.

"ఏడాదికోసారి చుట్టపుచూపుగా వచ్చేదానివి, ఆస్తి అనేసరికి లాయర్ని వెంటేసుకొస్తున్నావా? సిగ్గులేదూ?"

"నన్ను మాట్లాడనిస్తావా?"

"ఏం మాట్లాడతావు? చిన్నప్పట్నుంచీ అంతేగా. నా పళ్లెంలో ఉన్నదే నీకు రుచి."

కేకలు విని తల్లి గోడ పట్టుకుని వచ్చింది. "నా బుర్ర బాగానే ఉంది. నా సొమ్ము ఎవరికివ్వాలో చెప్పడానికి లాయరు దేనికి? దండగ. పోవే, నీ ఉద్యోగం నువ్వు చూసుకో."

చెల్లెలి మొహం కందిపోయింది. "పోతాలే. ఒక్కటి చెప్పు. సాక్షి సంతకాలు ఎవరు పెట్టారు?"

"ఎదురింటాయన ఒకటి. దీని మొగుడు ఒకటి."

"అదే కొంప ముంచింది. పదిసార్లు ఫోన్ చేశాను, అక్క ఎత్తితేగా! మన క్రైస్తవుల చట్టంలో ఆస్తి వచ్చేవాళ్ల మొగుడే సాక్షయితే, వాళ్లకు రాసింది చెల్లదట. ఫోటో చూడగానే లాయరు చెప్పాడు." అక్క వైపు తిరిగింది. "ఇలాగే వదిలేస్తే అంతా చెరిసగం అవుతుంది. నాకు ఆస్తే కావాలంటే నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంటే చాలు."

తల్లి తడుముకుంటూ స్టూలు మీద కూలబడింది. పెద్దామె జిగురు చేతులు కడుక్కుని తల్లికి చెప్పులు అందించింది.

పదకొండింటికి తన ఆఫీసులో లాయరు తల్లిని ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. అక్కచెల్లెళ్లు బయట బెంచీకి చెరో చివర కూర్చున్నారు.

"ఇప్పుడూ నీకేమీ రాయదేమో," అంది అక్క.

"తెలుసు."

"కోపం లేదా?"

"ఎందుకు లేదు? అమ్మ మీద ఉంది. నీ మీద ఇంకా ఎక్కువ ఉంది." చెల్లెలు నేల చూపులు చూస్తూ అంది. "కానీ నీ వేళ్లు చూస్తున్నాగా అక్కా. సూది పోట్లతో ఎలా అయిపోయాయో. ఆ షాపులో నేను వాటా ఎలా తీసుకుంటాను?"

అక్క వేళ్లు కొంగులో దాచుకోబోయింది. చేతకాలేదు. దగ్గరికి జరిగి, చెల్లెలి భుజం మీద తల పెట్టి చిన్నపిల్లలా ఏడ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని లేవబోయింది.

"ఇంట్లో సగం నీ పేర రాయమని చెప్పొస్తాను."

చెల్లెలు చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వు లోపలికెళ్తే, దగ్గరుండి రాయించావని ఇదీ చెల్లదంటాడేమో. కూర్చో. అమ్మ బయటికొచ్చాక ఇంటి సంగతి మనిద్దరం కలిసి చెబుదాం."