గాలి గొట్టం

తెల్లారేసరికే వాన పట్టుకుంది. బోధన్‌లో చెరకు రైతు పరమేశ్వర్ వరండాలో నిలబడి మబ్బుల వంక చూస్తున్నాడు. భార్య సుమిత్ర కాలికి వేసిన సిమెంటు కట్టు ఆ రోజు నిజామాబాద్ ఆసుపత్రిలో విప్పించాలి.

కూతురు సింధూజ కారు తుడుస్తోంది. ఆమె ఇంజినీరింగు చదివి, నిజామాబాద్‌లో ఒక కార్ల వర్క్‌షాపులో పనిచేస్తోంది.

"పొల్యూషన్ చెకింగుకు పోతివి గదా, ఏమన్నరు?" అన్నాడు పరమేశ్వర్.

"ఫెయిలైంది బాపు. పొగ లిమిటు దాటిందట. కంపెనీ ఎయిర్ ఫిల్టర్ డబ్బా మళ్ల పెట్టుకొని రమ్మన్నరు."

ఇంజిన్‌కు పోయే గాలిని వడకట్టే ఆ డబ్బా తీసేసింది సింధూజే. దాని బదులు ముందు బంపర్ వెనక కిందికి దిగేలా పెద్ద గొట్టం వేసి, చివర వేరే ఫిల్టరు బిగించింది. చల్లగాలి ఎక్కువ అందితే ఇంజిన్ గట్టిగా లాగుతుందని ఆమె ఆశ.

"సర్టిఫికెట్ లేకుంట పోతె పోలీసోళ్లు బండి ఆపరా? మీ అమ్మ కాలు గిట్లుండంగ నడిరోడ్డు మీద కూసోబెడ్తవా?"

"రేపు మారుస్త అన్న గద. నువ్వు ప్రతిదానికి భయపడ్తవు బాపు. గిట్లయితె నేను ఏ పని నేర్చుకోవాలె?"

పరమేశ్వర్ మొహం ముడుచుకుపోయింది. లోపలి నుంచి సుమిత్ర గొంతు వినిపించింది. "కొట్లాట ఆపుండ్రి. నేను బస్సెక్కలేను, ఆటోల ఈ కాలు పట్టది. పోదాం పాండ్రి."

వెనక సీటులో సుమిత్ర కాలు చాపుకుని కూర్చుంది. కొంతదూరం పోయాక వాగు పొంగి రోడ్డు మీదుగా పారుతోంది. ముందు వెళ్తున్న కారు మెల్లగా నీళ్లలోంచి అవతలికి దాటింది. అదీ తమలాంటి కారే. సింధూజ తండ్రి వైపు చూసింది. ఆయన అవతలికి చేరిన ఆ కారునే చూస్తున్నాడు. ఆమె బండిని ముందుకు పోనిచ్చింది.

నీళ్ల మధ్యకు చేరేసరికి ఫట్‌మని చప్పుడైంది. ఇంజిన్ ఆగిపోయింది.

సింధూజ తాళం వైపు చెయ్యి చాపి, వెంటనే వెనక్కి తీసుకుంది. "ఇంజిన్ల నీళ్లు పోయినయి. ఇంక స్టార్ట్ కాదు," అంది.

తలుపుల సందుల్లోంచి నీళ్లు పాదాల మీదికి వచ్చాయి. బండి వెనక భాగం కొద్దిగా పక్కకు జరిగింది.

"నేనెట్ల దిగుతనే," అంది సుమిత్ర చాలా చిన్నగా.

సింధూజ సీట్ల మధ్య నుంచి దూరి వెనక్కి వెళ్లింది. తల్లిని రెండు చేతులతో చుట్టుకుంది. పరమేశ్వర్‌కు చిన్నప్పటి నుంచీ నీళ్లంటే వణుకు. ఆయన బలమంతా పెట్టి తలుపు తోసి దిగాడు. నీళ్లు తొడల దాకా వచ్చాయి. అవతలి గట్టున కనిపించిన ట్రాక్టర్ వైపు చేతులూపుతూ ఒక్కో అడుగూ వేస్తుంటే, సింధూజ తల్లిని వదలకుండా ఆయన్నే చూస్తూ ఉంది.

ట్రాక్టర్ నడిపే హన్మాండ్లు గొలుసు కట్టి కారును గట్టుకు లాగాడు. సుమిత్రను కిందికి దించాక సింధూజ బురదలోనే కూలబడింది.

"ముందు పోయిన బండికి గాలి పైనుంచి అందుతది బాపు. నేను గొట్టం కిందికి దింపిన. అది నీళ్లు గుంజింది. అమ్మను నేనే ముంచుతుంటి."

పరమేశ్వర్ తిట్టలేదు. చెయ్యి అందించి ఆమెను లేవదీశాడు.

కొన్ని రోజులకు, సుమిత్ర కట్టు విప్పించి, కారు ఇంజిన్ కూడా బాగుచేయించాక, నిజామాబాద్ వర్క్‌షాపులో సింధూజే కంపెనీ డబ్బా తిరిగి బిగించింది. పొగ పరీక్షలో కారు పాసైంది. కారు తెచ్చుకోవడానికి వచ్చిన తండ్రితో ఇంటికి బయల్దేరేటప్పుడు మాత్రం ఆమె పక్క సీటులో కూర్చుంది.

"నువ్వే నడుపు బాపు. స్టీరింగ్ పట్టుకుంటె నీళ్లే కనవడ్తున్నయి."

పరమేశ్వర్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "ఆ దినం నీళ్లల్ల దిగినంక నాకు కాళ్లు ఆడలె బిడ్డా. తిరిగి చూస్తె నువ్వు అమ్మను పట్టుకొని ఉన్నవు. అది చూసినంకనే అడుగేసిన."

ఆమె తలెత్తి చూసింది. ఆ రోజు ఆయన భయపడలేదనే ఇన్నాళ్లూ అనుకుంది.

"నాకు గూడ వాగు దిక్కు పోవాలంటె గుండె దడదడ అంటది. అయినా ఇల్లు అటే ఉన్నది. భయపడుకుంటనే పోదాం, మెల్లగ నడుపు. నేను పక్కన కూసుంట."

సింధూజ కన్నీళ్లు తుడుచుకుని సీటు మారింది. వాగు దగ్గర రోడ్డు ఎండి ఉంది. అయినా ఆమె బండిని మెల్లగా పోనిచ్చింది. దాటాక పరమేశ్వర్ కిటికీ వైపు తిరిగి, కండువాతో మొహం కప్పుకుని ఏడ్చాడు. సింధూజ బండి పక్కకు ఆపి, ఆయన ఏడుపు తగ్గేదాకా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది.