ఏడో స్లాట్

"సూర్యకళ వాళ్ళకి అమ్ముడుపోయింది. కనిపిస్తే అరెస్ట్ చెయ్యి."

ఇంటెలిజెన్స్ చీఫ్ వీరబ్రహ్మం ఆ మాట అని తల తిప్పుకున్నాడు. ఎదురుగా నిలబడ్డది ఏజెంట్ ఉదయభాస్కర్. సూర్యకళ అతని భార్య. ఆమెను విదేశీ ముఠాలోకి గూఢచారిగా పంపింది డిపార్టుమెంటే.

2003 వేసవి. రొయ్యల మేత సేల్స్‌మన్ వేషంలో కొవ్వూరు చేరిన భాస్కర్‌కి, మేత బస్తాలో దాచిన స్కానర్, బాంబు ఎక్కడుందో చెప్పింది. రైలు వంతెన కింద, సెల్‌ఫోన్‌కి కట్టి ఉంది. కాల్ వస్తే పేలుతుంది. టవర్ ఆపేస్తే సిగ్నల్ పోతుంది, అప్పుడూ పేలుతుంది. రాజమండ్రి వైపు నుంచి పాసింజరు రైలు అప్పటికే వంతెనెక్కింది. బాంబ్ స్క్వాడ్ స్తంభం దగ్గరికి దిగుతోంది.

భాస్కర్ పోలీసులతో టవర్ గదిలోకి దూసుకెళ్ళాడు.

"ఈ టవర్‌కి ఒకటే ఫ్రీక్వెన్సీ అండి," అన్నాడు ఇంజనీర్ గణేష్‌బాబు. "దాన్నే ఏడు వంతులుగా, అంటే ఏడు స్లాట్లుగా, పంచుతాం. ఏడుగురు మాట్లాడుతుంటే ఇంకో కాల్‌కి చోటుండదు. ఆ ఫోన్ మోగదండి."

"నింపేయండి."

అందరి దగ్గరా కలిపి ఆరు సెల్‌ఫోన్లే ఉన్నాయి. కంట్రోల్ రూమ్‌కి డయల్ చేశారు. తెర మీద ఆరు స్లాట్లు ఎర్రబడ్డాయి. ఏడోది పచ్చగా ఉంది.

చూస్తుండగానే అదీ ఎర్రబడింది. భాస్కర్ వంతెన వైపు తిరిగాడు. బాంబు పేలలేదు. గదిలో ల్యాండ్‌లైన్ మోగితే భాస్కర్ ఎత్తాడు.

"వరద తగ్గిందాండి?"

ఇద్దరికే తెలిసిన కోడ్. నేను మీ మనిషినే అని అర్థం.

"కళా, ఎక్కడున్నావ్?"

"చెబితే పరిగెత్తుకొస్తారు. మీ జీపు టవర్ దగ్గర ఆగడం చూశాను. మిగతా లైన్లు మీరు నింపుతారని తెలుసు. ఏడోది నా సెల్‌తో నేను పట్టుకున్నాను. పెట్టేయకండి."

అవతల ఎవరో తలుపు బాదుతున్నారు.

"ఏదైనా మాట్లాడండి," అంది.

"వంటింట్లో కుళాయి ఇంకా కారుతూనే ఉంది."

"బాగుచేయించమని ఎన్నిసార్లు చెప్పానండీ." నవ్వింది. "సరిగ్గా తింటున్నారా?"

"నువ్వు అమ్ముడుపోయావన్నారు."

"మీరు నమ్మారా?"

"లేదు."

"చాలండి."

తలుపు విరిగిన చప్పుడు. తుపాకి పేలింది. తర్వాత మాట లేదు. ఫోన్ ఏ మంచం కిందికో జారిపోయినట్టుంది, ఎవరూ కట్ చేయలేదు. స్లాట్ ఎర్రగానే ఉంది. భాస్కర్ రిసీవర్ చెవికి అదుముకుని ఆ నిశ్శబ్దంతోనే మాట్లాడుతూ నిలబడ్డాడు.

చివరి పెట్టె వంతెన దిగుతుండగా వాకీటాకీ పలికింది. "వైరు కోసేశాం సార్."

అదే క్షణంలో ఏడో స్లాట్ పచ్చబడింది. అవతల ఎవరికో ఫోన్ దొరికింది.

ముఠా సాయంత్రానికి దొరికింది. సూర్యకళ దొరికింది, ప్రాణం లేకుండా.

మర్నాడు పేపర్లో చిన్న వార్త. కొవ్వూరులో సాంకేతిక లోపం వల్ల సెల్‌ఫోన్లు కాసేపు పనిచేయలేదట. వినియోగదారులకు కలిగిన అసౌకర్యానికి అధికారులు చింతిస్తున్నారట.