పళ్ళొస్తున్న దెయ్యం

మా బిల్డింగులో మెట్ల కింద ఒక గది ఉంది. రాత్రి పది దాటాక దాని ముందు నుంచి నింపాదిగా నడిచి వెళ్ళిన మగాణ్ణి నేనింతవరకూ చూడలేదు. మీసాలు మెలేసేవాళ్ళు కూడా అక్కడికొచ్చేసరికి ఫోను చెవికి ఆనించుకుని, అవతల ఎవరూ లేకపోయినా, "ఆ... ఆ... వచ్చేశా..." అంటూ పరుగు లంకించుకుంటారు.

నవ్వకండి. మీరైతే వాళ్ళకంటే ముందుంటారు.

ఒకప్పుడది వాచ్‌మన్ తాత గది. కిందటేడు ఆయన పని మానేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. గదికి తాళం వేసి, అలవాటు చొప్పున తాళంచెవి జేబులో వేసుకుని మరీ వెళ్ళాడు. ఓనరు ఇవాళ పగలగొట్టిస్తా, రేపు పగలగొట్టిస్తా అంటూనే ఉన్నాడు. ఆ గదికి మెట్ల వైపు ఒక చిన్న కిటికీ, దానికి పగిలిన అద్దం. పగలు చూస్తే ఏమీ ఉండదు. కానీ రాత్రిపూట ఆ కిటికీ ముందు నుంచి ఎవరైనా వెళ్తే... లోపల వెలుగొస్తుంది.

ఆ వెలుగులో... ఒక మొహం.

మొదట దాన్ని చూసింది రెండో అంతస్తు డ్రాయింగు మాస్టారు. ఆయన చెప్పిన మొహం ఇదీ: బోడి గుండు. నోట్లో ఒక్క పన్ను లేదు. చొంగ కారుతోంది. ఆయన్నే చూసి నవ్విందట! ఆయన మెట్లు ఎక్కలేదు — ఎగిరాడు. మూడు రోజులు జ్వరం. నాలుగో రోజు లేచి, చెయ్యి ఊరుకోదుగా, ఆ మొహాన్ని కాగితం మీద గీసి కింద నోటీసు బోర్డుకి అంటించాడు. ముసలి దెయ్యం. నుదుటి మీద ఆరు ముడతలు కూడా వేశాడు. కింద ఎర్ర పెన్సిలుతో "జాగ్రత్త" అని రాశాడు.

మూడు నెలలు గడిచాయి. ఒకరోజు తెల్లారకముందే మాస్టారు నా తలుపు కొట్టాడు. నేను బట్టలు కుట్టేదాన్ని, ఆ వేళకే మిషను మీద ఉంటాను.

"అమ్మా..." అన్నాడు గొంతు బాగా తగ్గించి. "దానికి పళ్ళొస్తున్నాయి."

"దేనికండీ?"

"దెయ్యానికి. కింద రెండు."

చచ్చినవాళ్ళకి పళ్ళు ఊడతాయి గానీ మొలవడమేంటి? రెండొచ్చాయంటే మిగతా ముప్ఫై కూడా వస్తాయి. అన్నీ వచ్చాక ఊరికే కూర్చుంటుందా? మాస్టారు వెళ్ళి నోటీసు బోర్డు మీది బొమ్మకి రెండు పళ్ళు గీశాడు. ఇంకొన్నాళ్ళకి పైన రెండు గీశాడు. ఆ వారం నుంచి మా మెట్ల మీద జనం గుంపుగా తప్ప నడవలేదు.

దానికి భయపడని మనిషి ఒక్కతే ఉంది — నర్సమ్మ. మొదటి అంతస్తులో, సరిగ్గా ఆ గది నెత్తిన ఉంటుంది. ఆస్పత్రిలో చేసి చేసి ఆవిడకి చావంటే చీపురుపుల్లతో సమానం. రోజూ ఆ బొమ్మ ముందు ఆగి, "ఈ ముసలాడికి చిగుళ్ళు వాచాయే పాపం," అనుకుంటూ పోయేది.

ఆవిడ బాధ వేరు.

నర్సమ్మకి ఉన్నది ఒకే ఒక అక్క. వేరే ఊళ్ళో లెక్కల టీచరు. పెళ్ళైన పదకొండేళ్ళకి ఆ అక్కకి కొడుకు పుట్టాడు. కబురు తెలిసిన రోజు నర్సమ్మ మెట్ల మీద గంతులేసి కాలు విరగ్గొట్టుకుంది. మొదట కాలికి కట్టు, తర్వాత సెలవు దొరక్క, వెళ్ళలేకపోయింది. "ఫోటోలు పెడుతుంటాలే, చూసుకోవే," అంది అక్క. ఇంకేముంది, నర్సమ్మ ఫోను గుప్పెట్లో పట్టుకుని కూర్చుంది. ఒక రోజు, ఒక వారం, ఒక నెల. ఒక్క ఫోటో రాలేదు.

అడగొచ్చుగా అంటారు. నేనూ అదే అన్నాను, నోరు నొప్పెట్టేదాకా. "నేనెందుకడగాలి? కొడుకు పుట్టగానే అంత గొప్పదైపోయిందా?" అని ముక్కు చీదేది. అవతల అక్క కూడా ఎందుకో బిగదీసుకుంది. ఫోన్లో "బాగున్నారా", "బాగున్నాం" మాత్రం మిగిలాయి. తర్వాత అవీ ఆగిపోయాయి. వచ్చే వారం పిల్లాడి మొదటి పుట్టినరోజు. వెళ్ళనుగాక వెళ్ళనంది నర్సమ్మ. ఆ రోజు గనక వెళ్ళకపోతే అక్కాచెల్లెళ్ళు ఇక ఈ జన్మకి కలవరని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు. అందుకే రోజూ కళ్ళు వాచి ఉండేవి.

ఆ అక్క చెడ్డది కూడా కాదండీ. కడుపుతో ఉన్నప్పుడు ఒకసారి వచ్చి, చెల్లెలి గోడకి తన చేత్తో డిజిటల్ ఫోటో ఫ్రేము తగిలించి వెళ్ళింది. ఎంత ముచ్చటగా ఉండేదో! ఒక్క మేకు కొడితే వెయ్యి ఫోటోలు. దుమ్ము దులపక్కర్లేదు, చెదలు పట్టవు. మనిషి అలికిడైతే తనే వెలుగుతుంది, మూల టైము చూపిస్తుంది, వీడియో పెడితే మాట్లాడుతుంది కూడా. నేను చూసి కుళ్ళుకున్నాను, నిజం చెప్తున్నా.

తీరా రెండు నెలలు తిరక్కుండా నర్సమ్మకి విసుగెత్తింది. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు కర్టెన్లు వేసుకుని పడుకుంటుందా, పక్క మీద ఇటు ఒత్తిగిల్లితే చాలు, కళ్ళలో లైటు! తిప్పి తిప్పి అవే రెండొందల ఫోటోలు. గోడ మీద బల్లి తోకలా వైరు. పైగా ఇంటికి ఎవరొచ్చినా, ఆవిడ నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఫోటో సరిగ్గా అప్పుడే వచ్చేది. గ్యాసు బండ తెచ్చిన మనిషి దాన్ని చూసి బండ దించడం మర్చిపోయి నవ్వాడట. "గోడ మీద ఫోటో అంటే నోరు మూసుకుని ఉండాలి. పీకి పారెయ్," అన్నాను నేనే. పీకేసింది. ఎవరికో ఇచ్చేశానంది, అక్కకి మాత్రం చెప్పొద్దంది. దాంతోపాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని ఆవిడా చదవలేదు, నేనూ చదవలేదు. అవి ఎవరు చదువుతారండీ?

సరే, ఆ రాత్రి సంగతికొద్దాం. ఆవిడ నాకెలా చెప్పిందో అలాగే చెప్తున్నా.

ఎప్పుడూ తెల్లారాకే వచ్చే మనిషి, ఆ రోజు డ్యూటీ మారడంతో రాత్రి పన్నెండున్నరకే గేటు తీసింది. మెట్ల దగ్గర బల్బు పోయింది. కాళ్ళు లాగేస్తున్నాయని చెప్పులు చేత్తో పట్టుకుని, గోడ తడుముకుంటూ రెండడుగులు వేసింది.

కిల... కిల... కిల...

నవ్వు. గది లోపల్నుంచి.

ఆవిడ ఆగింది. నవ్వూ ఆగింది.

"ఎ... ఎవరది?"

ఎన్ని శవాలకి దుప్పటి కప్పిన చెయ్యో — చెప్పుల్ని గట్టిగా బిగించి పట్టుకుంది. అయినా, నర్సునై ఉండి పరిగెత్తడమేంటని ఇంకో అడుగు వేసింది.

కిటికీలో వెలుగు... నీలంగా...

బోడి గుండు. చొంగ. కింద రెండు పళ్ళు, పైన రెండు. ముడతలు లేవు గానీ, మిగతాదంతా అచ్చం మాస్టారి బొమ్మే!

చూస్తూ ఉండగానే ఆ మొహం మాయమైంది. ఇంకో మొహం వచ్చింది. కళ్ళు మూసుకుని... నోరు తెరుచుకుని... తల పక్కకి వాల్చేసిన ఒక ఆడమనిషి.

తనే.

"అయ్యో... నేను పోయాను," అనుకుందట. డ్యూటీలోనే పోయి ఉంటాను, నడిచొచ్చింది నా ఆత్మ! అలా మెట్టు మీద కూలబడి, రేపటి డ్యూటీ ఎవరి నెత్తిన పడుతుందో అని దిగులుపడింది. చచ్చి కూడా డ్యూటీ గోలే ఆ మహాతల్లికి.

అప్పుడు... చీకట్లో... చాలా దగ్గరగా ఒక గొంతు.

"నాన్నా... పిన్నికి టాటా చెప్పు."

అక్క గొంతు!

దిగ్గున లేచి కిటికీ చువ్వలు పట్టుకుంది. లోపల గోడ మీద అక్క. అక్క ఒళ్ళో ఆ దెయ్యం — బోడి గుండుతో, నాలుగు పళ్ళతో, చిట్టి గుప్పెట ఊపుతూ.

"పిన్ని పలకదులే నాన్నా... మన మీద కోపమేమో. అయినా చెప్పు."

నర్సమ్మకి అప్పుడు వెలిగింది. ఆ ఫ్రేముని తను ఇచ్చింది వాచ్‌మన్ తాతకే, టైము చూసుకుంటాడని! ఆయన దాన్ని గోడకి తగిలించి, ప్లగ్గు పెట్టి, అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు. పైనున్న నర్సమ్మ ఇంటి వైఫై దానికింకా అందుతూనే ఉంది. అక్క తన ఊళ్ళో కూర్చుని పంపిన ప్రతి ఫోటో ఏడాదిగా ఆ ఫ్రేములోకే వచ్చి పడుతోంది. అక్క దాన్ని ఇచ్చిందే అందుకు. ఆ సంగతి తెలియక ఈవిడ ఫోను చూసుకుంటూ కూర్చుంది. అక్కడ అక్కేమో, ఇన్ని పంపినా చెల్లెలు "ముద్దుగా ఉన్నాడు" అని ఒక్క ముక్క అనలేదని కుమిలిపోయింది.

కిటికీ దగ్గర నిలబడి నర్సమ్మ అన్నీ చూసింది. ఎర్రగా పుట్టిన రోజు, మొదటిసారి బోర్లాపడ్డ రోజు, కుర్చీ పట్టుకుని నిలబడ్డ రోజు. వెలుగు ఆరినప్పుడల్లా చెప్పులు ఊపి మళ్ళీ వెలిగించుకుంది. నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. ఆ చప్పుడుకి రెండో అంతస్తులో మాస్టారు తలుపుకి బీరువా అడ్డం పెట్టుకున్నాడు.

ఒంటిగంటకి అక్కకి ఫోను చేసింది. ఎత్తుతుందో... ఎత్తదో...

ఎత్తింది.

"అక్కా... వాడికి నాలుగు పళ్ళొచ్చాయి!"



"ఆరు," అంది అక్క. "మొన్నటికి ఆరు. ఎక్కడ చచ్చావే ఇన్నాళ్ళూ?"

తర్వాత ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. పొద్దున్నే నేను పాలకని కిందికి దిగేసరికి, నర్సమ్మ రాత్రి వేసుకున్న డ్యూటీ బట్టల్లోనే, జుట్టైనా దువ్వుకోకుండా, మొదటి బస్సుకి పరిగెడుతోంది.

"పుట్టినరోజుకింకా వారం ఉందిగా!" అని అరిచాను.

"ఇప్పటికే ఏడాది ఆలస్యమైంది," అంది వెనక్కి చూడకుండా.