ధారపోసిన రోజు

మామిడి కాలంలో బంగారుపాళ్యానికి ఒక వాసన ఉంటుంది. గుజ్జు ఫ్యాక్టరీల వాళ్ళు తొక్కలు, టెంకలు రోడ్డు పక్కన కుప్పలు పోస్తారు. మొదట తియ్యగా ఉంటుంది. తర్వాత పులుస్తుంది. ఆ తర్వాత ఈగలు. అన్నం మీద, మంచినీళ్ళ బిందె మీద, నిద్రపోయేవాళ్ళ కంటి మూలల్లో, ఎక్కడ చూసినా ఈగలే. ఆ కాలంలోనే నేను ధనశేఖర్ గారింట్లో పనికి చేరాను.

నా పేరు ఎస్తేరు. మాది రేణిగుంట. మా ఆయన దయానంద్ గోడౌన్‌లో లోడింగ్ పనికి పోతాడు. ఒక్కతే కూతురు, కెజియా, ఇంటర్ చదువుతోంది. మంచాన పడ్డ ముసలివాళ్ళను చూసుకోవడం నా పని. వాళ్ళింట్లోనే ఉండి, ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, వాళ్ళు పోయేదాకా ఉంటాను. పోయాక ఇంకో ఇల్లు. ఏళ్ళుగా ఇదే. తెల్లారి లేస్తే నిన్నటి రోజే మళ్ళీ లేచినట్టుండేది. రాత్రి కాళ్ళ నొప్పులకు మాత్ర మింగి పడుకునేదాన్ని, దాని పని అయిపోగానే లేచేదాన్ని.

ధనశేఖర్‌కు మామిడికాయల మండీ ఉంది. ఇల్లు హైవేకి కొంచెం లోపల. పెరటి వైపు రేకుల గదిలో వాళ్ళ పెద్దవ్వ కుప్పమ్మ ఉంటుంది. మొదటి రోజు ధనశేఖర్ భార్య లోకేశ్వరి నన్ను ఆ గది గడప దాకా తీసుకొచ్చి అక్కడే ఆగిపోయింది.

"ఏమీ తినదు. గంజితో పెదాలు తడుపు, చాలు. మాట్లాడదు కూడా. ఎప్పుడన్నా మాట్లాడి ఏదన్నా అడిగితే మాత్రం ఇయ్యొద్దు."

"ఏమడుగుతాదమ్మా?"

ఆమె గడప బయటే నిలబడి, "నీళ్ళు కూడా నీ చేత్తో ఆమె చేతిలో పోయొద్దు. గ్లాసుతో పట్టు," అంది. తర్వాత గోడకు ఆనుకుని, "మా అత్త చూసింది ఈమెను. మా అత్తకు అత్త చూసింది. ఇప్పుడు నేను. నా వల్ల కాలేదు ఎస్తేరూ," అంది.

విసుగులో అందరూ అట్లాగే అంటారు. నేను పట్టించుకోలేదు.

కుప్పమ్మ మంచంలో సగం కూడా లేదు. తోలు ఎముకకు అంటుకుపోయింది. కళ్ళు మాత్రం తడిగా, బతికి ఉన్నాయి. పని మొదలుపెట్టిన కొద్ది రోజులకే నాకు తేడా తెలిసింది. ఎన్నాళ్ళ నుంచి పడుకుని ఉందో గానీ వీపున ఒక్క పుండు లేదు. గోళ్ళు పెరగవు. గదినిండా ముసిరిన ఈగలు ఆమె దాకా పోయి, జానెడు దూరంలో తిరుగుముఖం పట్టేవి. ఒక్కటీ వాలేది కాదు. ఊపిరి కూడా... తీయడం మరిచిపోయి ఉండి, నేను గదిలోకి రాగానే గుర్తొచ్చినట్టు తీసేది.

ఆ సంగతి లోకేశ్వరికి చెబితే లేచిపోయి టీవీ సౌండ్ పెంచింది.

ఒకసారి మొగుడూ పెళ్ళాలిద్దరూ కాణిపాకంలో ఎవరిదో పెళ్ళి ఉంటే పోయారు. మర్నాడు గానీ రామన్నారు. దీపాలు పెట్టే వేళకు గాలి లేచి, వాన పట్టుకుంది. కరెంటు పోయింది. రేకుల మీద వాన మోతకు ఇంకేమీ వినబడటం లేదు. కొవ్వొత్తి వెలిగించి కిటికీలో పెట్టి, గంజి గిన్నె పట్టుకుని మంచం దగ్గర కూర్చున్నాను. పులిసిన మామిడి వాసన తడితో కలిసి గదిలో బరువుగా దిగింది.

వాన ఒక్కసారి తగ్గింది.

"పాపా..."

గంజి గిన్నె కింద పెట్టి ముందుకు వంగాను.

"శానా అలిసిపోయినావు పాపా."

ఆ మాట నాతో ఎవరూ అనలేదు. మా ఆయన అనలేదు, నేను ఒళ్ళు కడిగిన ముసలివాళ్ళలో ఒక్కరూ అనలేదు. భయపడాల్సింది పోయి మంచానికి ఇంకా దగ్గరగా జరిగాను.

"అవ్వా... నీకు మాటలు వస్తాయా?"

"వస్తాయి. సెప్పేదానికి ఏముండాదని మానేసినా."

"నీ వయసెంత అవ్వా?"

"ధాత కరువులో నాకు సంకలో బిడ్డ."

ఆ కరువు గురించి మా అవ్వ వాళ్ళ అవ్వ దగ్గర విని చెప్పేది. తెల్లదొరల కాలం నాటిది. జనం దావల్లో పిట్టల్లా రాలిపోయారట.

కుప్పమ్మ రేకుల కప్పు వైపు చూస్తూ చెప్పింది. మాటకూ మాటకూ మధ్య చాలా ఆగింది.

"దొరలు గంజి పోసే తొట్టి కాడ నిలబడి నిలబడి మా ఆయన ఆడనే పడిపోయినాడు. బిడ్డ ఎండిపోతా ఉండాడు. నాకు పాలు లేవు. కొండకు పోయే బైరాగి ఒకడు దావలో కూర్చోని ఉండె. కాళ్ళ మీద పడినా. నీ ఆయుష్షు పోస్తావా అన్నాడు. పోస్తానన్నా. ఎంత? అన్నాడు."

కొవ్వొత్తి మంట పక్కకు వాలి మళ్ళీ లేచింది.

"అంతా అన్నా."

ఏ తల్లయినా అదే అంటుంది. కెజియాకు జ్వరం తగిలినప్పుడల్లా నేనూ అన్నాను, నా ఆయుష్షు పోసుకుని బతుకు తల్లీ అని. నోటితో అనేస్తాం, అంతే. ఆ బైరాగి మాత్రం ఈమె దోసిట్లో నీళ్ళు పోసి, వాటిని బిడ్డ మీద ధారపోయించాడట.

"బిడ్డ కండ్లు తెరిసినాడు. నేను ఆ పొద్దే పోతాననుకుని పండుకున్నా. పోలా. మర్నాడూ పోలా. ఉండే ఆయుష్షు అయిపోతే కదా పాపా సావు? నా కాడ అయిపోయేదానికి ఏముండాది?"

"మరి నీ కొడుకు?"

"ముసిలోడై, పండ్లూడి, నా ఒళ్ళోనే పోయినాడు. వాని కొడుకూ పోయినాడు." ఆమె కళ్ళు నా వైపు తిరిగాయి. "సావకుండా ఉండేదానికి ఎవురెవురు ఏమేం సేసినారో అన్నీ సూసినా. పాదరసం మణిగట్టి నాలిక కింద పెట్టుకున్నోడు ఉండె. తలకోన అడివిలో ఏదో ఆకు పసరు తాగి మళ్ళా పండ్లు మొలిపించుకున్నోడు ఉండె. అందరూ పోయినారు. ఏమీ కోరుకోని దాన్ని నేనుండా."

వాన మళ్ళీ మొదలైంది. ఆమె చెయ్యి దుప్పటిలోంచి బయటికొచ్చింది. దోసిలి పట్టినట్టు వంగి ఉంది.

"ఒక్క రోజు ఇయ్యి పాపా. ఒక్కటే. అది అయిపోతే నేనూ అయిపోతా."

లోకేశ్వరి మాట గుర్తుంది. లేచి తలుపు దాకా పోయాను కూడా. పోయి నిలబడ్డాను. ప్రతి ఆదివారం చర్చిలో నిత్యజీవం అని చదువుతాను. అది ఇట్లా ఒక రేకుల గదిలో పడుకుని ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. ఎంతమంది ఆడవాళ్ళు ఇదే తలుపు దగ్గర నిలబడి, విని, బయటికి పోయి ఉంటారు? ఒక్క రోజు. నా రోజులన్నీ ఒకటే కదా. ఒకటి తగ్గితే ఎవరికి తెలుస్తుంది?

"ఏ రోజు పోతాది అవ్వా?"

"నాకు తెలీదు పాపా. ఇచ్చిందే గానీ నేనెప్పుడూ తీసుకోలా."

చివరిదే పోతుందనుకున్నాను. ఎక్కడో ఒక మంచంలో, నన్ను ఎవరో తుడుస్తూ ఉండే రోజు. అది పోతే మేలే.

చెంబులో నీళ్ళు నా దోసిట్లోకి వంచుకుని, ఆమె చేతిలో పోశాను. "నా రోజు ఒకటి నీకు."

వేళ్ళ సందుల్లోంచి ఒక్క చుక్క కింద పడలేదు. నీళ్ళన్నీ ఆ చేతిలోకి... ఇంకిపోయాయి. పొత్తికడుపులో దారం పట్టి లాగినట్టయింది నాకు. అంతే. తర్వాత ఏమీ లేదు.

ఛట్‌మని చప్పుడు. ఉలిక్కిపడ్డాను.

"దోమ కుట్టింది పాపా!" కుప్పమ్మ నవ్వుతోంది. "నన్ను దోమ కుట్టింది! మే, ఆకలేస్తా ఉండాది!"

తెల్లారి ఆమెను వరండాలో ఎండకు కూర్చోబెట్టాను. రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి కలిపి పెడితే వేళ్ళు నాకింది. చెమట పట్టింది. ఈగలు ముఖమంతా వాలితే తోలలేదు, కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆవులించింది. హైవే మీద పోయే లారీలను చూసి, ఇన్ని బండ్లు యాడికి పోతాయి పాపా అని అడిగింది. నాకు కూడా ఎన్నాళ్ళకో ఒళ్ళు తేలిగ్గా అనిపించింది. ఒక మనిషి చావు నా చేతుల మీదుగా ఇంత మంచిగా జరుగుతోంది అనుకున్నాను.

మధ్యాహ్నానికి నొప్పి మొదలైంది.

చావు నొప్పులు నాకు తెలుసు. ఎన్నో చూశాను. ఇది అది కాదు. వస్తుంది, బిగుసుకుంటుంది, వదులుతుంది. మళ్ళీ వస్తుంది. మంచం పట్టె పట్టుకుని ఆమె అరిచిన అరుపుకి పెరట్లో కాకులు లేచిపోయాయి. ఎక్కడో ఇది చూశాను... ఇట్లాంటి నొప్పి నాకు బాగా తెలిసినదే... ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. తడిగుడ్డతో ముఖం తుడుస్తూ కూర్చున్నాను. పొద్దు వాలేకొద్దీ నొప్పులు దగ్గర పడ్డాయి.

ఆమె తన కడుపు వైపు చూసుకుంది. తర్వాత నన్ను చూసింది. ఆ కళ్ళలో అంత భయం నేనెన్నడూ చూడలేదు.

"పాపా... ఇదేం రోజు ఇచ్చినావు నాకు?"

దీపాలు పెట్టే వేళకు ఒక్క కేక పెట్టి, ఒళ్ళంతా వదిలేసింది. రెండు చేతులూ గుండెల మీదికి తెచ్చుకుంది. ఎవరో ఏదో అందించినట్టు, జారిపోకుండా పట్టుకున్నట్టు. ఆ ఖాళీ చేతుల్లోకి చూసి గుసగుసగా అంది.

"ఎంత ఎర్రగా ఉండాది..."

ఊపిరి ఆగింది. ఈసారి నేను ముఖం దగ్గరగా పెట్టినా మళ్ళీ మొదలుకాలేదు.

పెళ్ళి నుంచి వచ్చిన లోకేశ్వరి శవాన్ని చూడలేదు, నన్ను చూసింది. "ఇచ్చినావా?" అని అడిగింది. తలొంచుకున్నాను. దండం పెట్టబోయి, నా దగ్గరికి రాకుండానే వెనక్కి తగ్గింది. ధనశేఖర్ గోడ వైపు తిరిగి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు దుఃఖంతో కాదని నాకు తెలుసు.

పొద్దున పెరట్లో చీరలు అడ్డం కట్టి కుప్పమ్మకు స్నానం చేయించారు. ఆ ఊళ్ళో పీనుగులకు నీళ్ళు పోసే తాయమ్మ తలకు నూనె అంటి, సీకాయ రుద్దుతోంది. నేను బిందెలు అందిస్తున్నాను. తాయమ్మ చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

"ఏమ్మే ఎస్తేరూ, ఈ అవ్వకు ఆపరేషన్ ఎప్పుడు చేసినారు? కుట్లు ఇంకా పచ్చిగా ఉండాయే!"

వంగి చూశాను. పొత్తికడుపు కింద అడ్డంగా కోత. నల్లదారం కుట్లు. ఎడమ కొసన కోత కొంచెం పైకి వంకర తిరిగి ఉంది.

ఆ వంకర నాకు తెలుసు. కెజియా కడుపులో ఉండగా నాకు మధ్యాహ్నం నుంచి నొప్పులు వచ్చి, కాన్పు కాక, సాయంత్రం పెద్దాసుపత్రిలో కోసి తీశారు. ఆ కోత ఎడమ కొసన వంకరగానే అతికింది. ఇన్నేళ్ళూ స్నానం చేసేటప్పుడల్లా చేతికి తగిలేది.

బిందె అక్కడే వదిలి బాత్రూంలోకి పోయి తలుపేసుకున్నాను. చీర జరిపి చెయ్యి పెట్టి చూసుకున్నాను.

నున్నగా ఉంది. ఏమీ లేదు... ఎప్పుడూ ఏమీ లేనట్టు.

ఆ రోజును గుర్తు చేసుకోబోయాను. కోసి తీశారని తెలుసు. ఆడపిల్ల అన్నారని తెలుసు. ఎవరో చెబితే విన్నట్టు తెలుసు. బిడ్డను నా పక్కన పెట్టినప్పుడు దాని ముఖం ఎట్లా ఉంది? ఏడ్చిందా? నేను ఏడ్చానా? ఎంత తవ్వినా ఆ చోట ఖాళీ. ఏది పోయినా ఒకటేలే అనుకుని ఇచ్చేశాను. అందులో ఇది ఉంది.

ఫోన్ తీశాను. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాను. మోగుతోంది... మోగుతోంది...

"మా!"

కెజియా గొంతు. నా బిడ్డే. తడి నేల మీదే కూర్చుండిపోయాను.

"ఏం చేస్తా ఉండావు తల్లీ?"

"కాలేజీకి రెడీ అవుతా ఉండా. నాయన పనికి పోయినాడు. మా... మనింటికి ఎవరో వచ్చి ఉండారు."

"ఎవరు?"

"తెలీదు. ఒక ఆమె. నీకంటే శానా చిన్నది. వాకిట్లో నిలబడి ఉంటే లోపలికి రమ్మన్నా. పాపం, తల తడిగా ఉండాది మా. నీళ్ళు కారతానే ఉండాయి. తుడుచుకోమని టవల్ ఇస్తే తీసుకోలా. ఇల్లంతా సీకాయ వాసన."

బయట తాయమ్మ చెంబు నీళ్ళు ఇంకా పోస్తోంది. రాతి మీద పడి చిట్లుతున్న చప్పుడు తలుపులోంచి వినబడుతోంది. ఇక్కడి నుంచి రేణిగుంటకు బస్సులో రెండు గంటల పైనే.

"కెజియా..." "ఆమెను బయటికి పంపించు. ఇప్పుడే. ఏమంటా ఉండాది ఆమె?"

కెజియా గొంతు తగ్గించింది.

"నన్ను కన్నది తానేనంటా ఉండాది. నవ్వొచ్చింది నాకు. కానీ మా... ఆమె మొహం నాకు తెలుసు. నీ మొహం కంటే ముందు చూసినట్టుండాది."

"తలుపు తీసుకుని బయటికి పో తల్లీ. పక్కింటికి పో..."

ఫోన్‌లో దూరంగా ఒక ఆడగొంతు పిలిచింది. మెల్లగా, లాలి పాడినట్టు.

"మునెమ్మా..."

ఆ పేరు గలవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. మా వైపు లేరు, ఆయన వైపూ లేరు. ఆ రోజు తీసుకున్నామె బిడ్డకు పేరు కూడా పెట్టుకుంది.

"ఆఁ... వస్తా ఉండా మా," అని పలికింది నా కూతురు.

ఆ పలికింది నాకు కాదు.