చూసి వచ్చినట్టు సంతకం

బషీరాబాద్‌లో బస్సు దిగి, షేర్ ఆటో ఎక్కి, నాపరాళ్ల గనుల దారిలో దిగేసరికి మధ్యాహ్నం రెండయింది. మల్లిక చున్నీ నెత్తికి చుట్టుకుంది. వికారాబాద్‌లో పిల్లల సంక్షేమం చూసే ఉద్యోగం ఆమెది. ఇవాళ్టి పని చిన్నదే. వికారాబాద్ అనాథ పిల్లల హోంలో ఉన్న ఏడేళ్ల దేవికను రేపు మేనత్త శాంతవ్వకు అప్పగించాలి. ఇల్లు చూసి, సరే అని రాస్తే చాలు.

దేవిక అక్క భాగ్యశ్రీని ఎనిమిది నెలల కిందట ఇదే ఇంటికి పంపారు. పంపాక నెలనెలా వెళ్లి చూడాలి. మల్లిక వెళ్లలేదు. ఫోన్ చేసేది. "బాగున్న మేడం. అన్నం తిన్న," అనేది పిల్ల. "ఇంటికి వెళ్లి స్వయంగా చూశాను. క్షేమం," అని రాసి మల్లిక సంతకం గీకేది. కుర్చీలోంచి లేవకుండా ఊళ్లు తిరిగొచ్చే ఈ విద్య ఆమె ఒక్కదానిదే కాదులెండి. ఆ ఆఫీసులో అందరూ అందులో ఆరితేరినవాళ్లే.

ఊరి చివర ఒంటి ఇల్లు. గోడలూ నాపరాళ్లే, కప్పూ నాపరాళ్లే. బయట ఎండ సెగలు కక్కుతుంటే గడపలోంచి మాత్రం చల్లగాలి వస్తోంది. నిలవ నీటి వాసన. నాచు వాసన.

"ఇన్నొద్దులకు తొవ్వ దొరికిందా మేడం?" అంది శాంతవ్వ. వెటకారమే. కానీ ముఖంలో నవ్వు లేదు.

"భాగ్య ఏదమ్మా?"

"లోపలున్నది."

"పిలువు."

శాంతవ్వ కదల్లేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. మల్లికే గడప దగ్గర వంగింది.

"భాగ్యా..."

"బాగున్న మేడం. అన్నం తిన్న."

అదే గొంతు. ఫోన్‌లో విన్నట్టే, ఒక్క అక్షరం తేడా లేదు. మల్లిక లోపలికి అడుగు పెట్టింది. మూలకు కుండ, దండెం మీద గొంగడి. మనిషి లేదు. ఇంకో గది లేదు. ఇంకో తలుపూ లేదు.

"బాగున్న మేడం. అన్నం తిన్న."

ఈసారి చెవి పక్కనే... చల్లటి ఊపిరి.

మల్లిక బయటికి దూకింది. శాంతవ్వ ఆమె చేయి గట్టిగా పట్టుకుంది.

"పోయింది మేడం," గుసగుసగా అంది. "వచ్చిన రెండో నెలనే. మేకలకు నీళ్లు తేను పోయి గని గుంతల పడ్డది. శవం గూడ దొరకలే."

"ఎందుకు చెప్పలేదు?"

"జైల్ల పెడ్తరని భయమైంది. నీ ఫోనొస్తే ఏం చెప్పాల్నో తెల్వక నిలబడ్డ. గప్పుడు... అదే మాట్లాడింది. ఆ గదిలకెల్లి. ఇగ నెలనెలా అదే." ఆమె వేళ్లు ఇంకా బిగిశాయి. "చెల్లె కావాలంటది. రోజూ గదే అడుగుడు. చిన్నదాన్ని ఇయ్యి మేడం. అది వస్తే గిది నోరు మూస్తది. నాకూ పిల్లలున్నరు."

మొదటి నెల వచ్చి ఉంటే, పదేళ్ల పిల్లను ఆ గుంతకు నీళ్లకు తోలుతున్నారని కళ్లకే కనబడేది.

లోపలి నుంచి గొంతు మళ్లీ...

"చూసిన అని రాసినవు గదా మేడం. జర చూడు."

గడప రాయి మీద తడి పాదం పడింది. చిన్న పాదం. ఇంకొకటి. మల్లిక వైపే. ఆమె కళ్లు మూసుకుంది. తెరిచేసరికి అడుగులు ఆమెను దాటేశాయి. ఎండలో ఆరకుండా... వికారాబాద్ దిక్కు.

ఆటోలో కూర్చుని, "దేవికను పంపరాదు" అని రాసింది. కింద తన ఎనిమిది అబద్ధాలూ రాసింది. ఉద్యోగం ఊడితే ఊడనీ. తర్వాత హోంలో ఆయా పద్మారాణికి ఫోన్ చేసింది.

"దేవికను ఎవ్వరికీ ఇవ్వకు. మేనత్త వచ్చినా సరే."

"ఎవలికిస్త మేడం? ఈడనే పండుకున్నది. గానీ జర పరేషానున్నది. పావుగంట సంది చాప అంచుకు జరిగి పండుకున్నది. పక్కన ఎవ్వలను కూసోనిస్తలేదు."

"జ్వరమా?"

"కాదు..." పద్మారాణి గొంతు తగ్గింది. "ఖాళీగున్న సగం చాప తడిసింది మేడం. రెండుసార్లు తుడిచిన. మళ్ల తడుస్తున్నది."