వెళ్లొస్తా అనే పేరు

అక్క తమ్ముడి బ్యాగు సర్దుతోంది. మడతపెట్టిన చొక్కాలు బయటికి తీసి, మళ్లీ మడిచి, మళ్లీ అందులోనే పెడుతోంది. మూడు రోజులుగా అదే పని.

లేడీ ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోనే నిలబడింది.

"మా తమ్ముడు మంగళవారం వేరే ఊళ్లో కొత్త ఉద్యోగంలో చేరాలి మేడమ్. సోమవారం ఇక్కడ ఆఖరి డ్యూటీ. సాయంత్రం వచ్చి బ్యాగు తీసుకుంటానన్నాడు. ఇంతవరకు జాడ లేదు."

"ఎవరితోనైనా గొడవలా?"

"వాడికా? చీమకి కూడా దారిచ్చే రకం."

అక్కను వెంటబెట్టుకుని ఇన్‌స్పెక్టర్ తమ్ముడు పనిచేసే డేటా సెంటర్‌కి వెళ్లింది. ఆఫీసు గదిలో కూర్చోమన్నాడు మేనేజర్. ఇన్‌స్పెక్టర్ నేరుగా సర్వర్ గదిలోకి నడిచింది. నేల పలకల చిల్లుల్లోంచి చల్లగాలి కొడుతోంది.

"కింద ఖాళీయా?"

"గాలి పోయే దారండీ," అన్నాడు మేనేజర్. "ఆ కుర్రాడు పారిపోయాడు. పోతూపోతూ మా కొంప ముంచాడు. కెమెరా రికార్డింగులుండే డిస్కుని సోమవారం పొద్దుటి స్నాప్‌షాట్‌కి తిప్పేశాడు."

"అంటే?"

"స్నాప్‌షాట్ అంటే ఆ క్షణాన డిస్కు ఎలా ఉందో దాని ఫొటో అనుకోండి. పాతదానికి తిప్పితే ఆ తర్వాత రాసుకున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. సోమవారం పగలంతా జరగనట్టే."

"తిప్పింది అతనే అని ఎలా తెలుసు?"

"డ్యూటీ దిగేముందు స్నాప్‌షాట్ తీసి పేరు పెట్టడం మా పద్ధతి. ఆఖరిది చూడండి."

స్క్రీన్ మీద 'పోతున్నా' అని ఉంది.

మేనేజర్ అక్క వైపు తిరిగాడు. "అక్కని మోసీ మోసీ అలిసిపోయాడేమోనమ్మా. బరువు దించుకున్నాడు."

అక్క పెదవి కొరుక్కుంది.

ఇన్‌స్పెక్టర్ స్క్రీన్ పైకి జరిపింది. వెళ్లొస్తా. వెళ్లొస్తా. వెళ్లొస్తా.

"ఇవన్నీ?"

"అతనివే."

"మా ఇంట్లో పోతున్నా అనం మేడమ్," అంది అక్క మెల్లగా. "ఒక్కసారి అమ్మ అంది. ఆసుపత్రికి వెళ్తూ."

మేనేజర్ నవ్వాడు. "మాట పట్టుకుని కేసు కడతారా?"

"కట్టను. ఆ మాట ఎవరిదో వెతుకుతాను."

సైబర్ సెల్ అమ్మాయి వచ్చి కీబోర్డు ముందు కూర్చుంది. కాసేపటికి తలెత్తింది.

"వెనక్కి తిప్పేముందు మెషీన్ తనంతట తనే ఒక స్నాప్‌షాట్ దాచుకుంది మేడమ్. మామూలుగా కనబడదు, అడిగితేనే చూపిస్తుంది. ఆ ఏర్పాటు కిందటి నెల ఆ కుర్రాడే చేశాడు."

"మీకు చెప్పలేదా?" అనడిగింది ఇన్‌స్పెక్టర్.

"మెయిల్ పెట్టాడేమో," అన్నాడు మేనేజర్. "అన్నీ ఎవరు చదువుతారు?"

ఆ దాచిన స్నాప్‌షాట్‌లో సోమవారం వీడియో ఉంది. దానికి శబ్దం లేదు. ఇదే గది. ఇద్దరూ వాదించుకుంటున్నారు. మేనేజర్ బయటికి నడిచి, కార్డుతో తలుపు బిగించాడు. మంటలార్పే గ్యాస్ మీట నొక్కాడు. ఆ గ్యాస్‌లో ఊపిరాడదు. లోపల కుర్రాడు తలుపు అద్దం మీద అరచేతులతో బాదాడు. మేనేజర్ వాచీ చూసుకున్నాడు.

గ్యాస్ పోయాక లోపలికొచ్చాడు. ముందు రుమాలుతో అద్దం తుడిచాడు. తర్వాత నేల పలక ఒకటి ఎత్తాడు.

ఇన్‌స్పెక్టర్ తన కాళ్ల కిందికి చూసింది.

"ఎందుకు?"

"వాళ్ల డేటా బ్యాకప్ వేరేచోట భద్రంగా ఉందని ఒక ఆసుపత్రికి చెప్పాను. లేదు. ఉన్నవి ఈ డిస్కు మీది స్నాప్‌షాట్లే. డిస్కు పోతే అవీ పోతాయి. వెళ్లేముందు వాళ్లకి చెప్పేస్తానన్నాడు."

ఇన్‌స్పెక్టర్ పక్కకి జరిగింది. కానిస్టేబుళ్లు పలక ఎత్తారు. చలికి శవం అంతగా చెడలేదు.

"వాణ్ని కూడా అలా వెనక్కి తిప్పలేరా మేడమ్?" అంది అక్క.

"లేదమ్మా."

తమ్ముడు సోమవారం సాయంత్రం నాలుగూ పదికి సర్వర్ గదిలోకి వెళ్లాడు. తిరిగి రాలేదు.