రెండో ఆల్బమ్‌లో కుట్టు మిషను

జగ్గయ్యపేట జాకీర్ మొదటి ఆల్బమ్ ప్రతి ఆటోలోనూ మోగింది. అంతా ర్యాప్, జోరు. రెండోది వచ్చి వారమైంది. ఆటోవాళ్లు సగం విని మార్చేస్తున్నారు. ‘అన్నా, నిద్రొస్తోంది’ అని కింద కామెంట్లు.

జాకీర్ నందిగామలో రేహానా టైలరింగ్ షాపుకు వచ్చాడు. చేతిలో చొక్కా.

“మళ్లీనా?” అంది రేహానా. “ముందు బిగించమన్నారు. తర్వాత వదులు చెయ్యమన్నారు. ఇప్పుడేంటండీ?”

“బిగించాలండి.”

పక్కన కాజాలు కుడుతున్న సుస్మిత కిసుక్కున నవ్వింది.

రేహానా కత్తెర కింద పెట్టింది. “నిజం చెప్పండి. మీ కొత్త పాటలో టకటకమని నడుస్తూ మధ్యలో కిర్రుమంటుందే, అది నా మిషనే కదా?”

జాకీర్ మొహం పాలిపోయింది. “ఇక్కడ కూర్చున్నప్పుడు ఫోన్లో రికార్డ్ చేశా.”

“ఓ మాట అడగొచ్చుగా?”

“నోరు పెగల్లేదండి.”

“స్టేజీ మీద ఊపిరి తీసుకోకుండా వాగుతారు!”

“అక్కడ మీరుండరు కదా.”

బయట వాన అందుకుంది. జల్లు గుమ్మం దాటి లోపలికి కొట్టింది.

“తీసేస్తాలెండి. ఎవరూ వినట్లేదు. ఇక పాడను. నాన్న సిమెంటు లారీ ఎక్కమన్నాడు. రేపు ఎక్కుతున్నా. చెప్పి పోదామని వచ్చా.”

రేహానా ఫోను నొక్కింది. ఆ పాటే. సుస్మిత కాలు పెడల్ మీదికి పోయింది. పాటతో పాటే మిషను కదిలింది.

“మీ మొదటి పాటలు పెడితే కాలు ఆగేది కాదు, కుట్టు వంకర పోయేది. ఈ పిల్ల సూదులు విరగ్గొట్టింది. ఇది పెడితే అంచు తిన్నగా వస్తోంది. పొద్దస్తమానం ఇదే వింటున్నాం. ఎవరూ వినట్లేదంటారేంటి?”

జాకీర్ తల దించుకున్నాడు.

“ఇన్ని చప్పుళ్లుండగా నా మిషనే ఎందుకండీ?”

“అది వింటుంటే మీ దగ్గర కూర్చున్నట్టుంటుంది.”

సుస్మిత కాలు ఆగింది. రేహానా చెవులు ఎర్రబడ్డాయి. టేపు మెడలోంచి తీసి మళ్లీ మెడలోనే వేసుకుంది.

వెనక ఇస్త్రీ చేస్తున్న రేహానా వాళ్లమ్మ జైనాబీ పెట్టె నిలబెట్టి ముందుకొచ్చింది. “బాబూ, లారీ ఎక్కుతావో పాడతావో తర్వాత చూద్దాం. శుక్రవారం నమాజయ్యాక మీ అమ్మానాన్నల్ని తీసుకుని ఇంటికి రా.”

జాకీర్ రేహానా వైపు చూశాడు.

“నన్ను చూస్తారేంటి?” అంది ఆమె మెల్లగా. “అమ్మకి చెప్పండి, వస్తామని.”